ఇంటర్నెట్ అందుబాటు: పాలమూరు, నల్లగొండ నుంచి కెన్యా, బ్రెజిల్ దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాజెక్టు రాసుకునే డిగ్రీ పిల్లలు, గ్రామసభకు సిద్ధమయ్యే వార్డు మెంబర్లు, మీసేవ నడిపేవాళ్లు, కేబుల్ ఆపరేటర్లు. ఎవరు అడిగినా ఇంటర్నెట్ మీద సందేహాలు చాలావరకు అవే. మన దగ్గర ఎందుకిలా ఉంది, మనలాంటి మిగతా దేశాల్లో ఎలా ఉంది అని రెండూ కలిపే అడుగుతారు. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టవచ్చు.

## లెక్కల దగ్గర వచ్చే సందేహాలు

ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది కదా, ఇంకా ఇంటర్నెట్ లేనివాళ్లు ఉన్నారా?

ఉన్నారు, కోట్లలో ఉన్నారు. ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) 2024 అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో 68 శాతం మంది, అంటే సుమారు 550 కోట్ల మంది ఇంటర్నెట్ వాడుతున్నారు. దాదాపు 260 కోట్ల మంది వాడడం లేదు. సంపన్న దేశాల్లో 93 శాతం మందికి నెట్ ఉంటే, బాగా పేద దేశాల్లో అది 27 శాతమే. ఆఫ్రికా మొత్తం కలిపినా 38 శాతం.

దేశాల మధ్య తేడాతో పాటు పట్నానికీ పల్లెకూ మధ్య తేడానూ చూడాలి. పట్టణాల్లో 83 శాతం వాడుతుంటే గ్రామాల్లో 48 శాతమే వాడుతున్నారు. నెట్ లేనివాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోనే ఉన్నారు.

మా ఊళ్లో టవర్ ఉంది, ఫోన్లో 4జీ అని కూడా చూపిస్తుంది. అయినా మా ఊరిని వెనకబడ్డ ఊరు అంటారెందుకు?

సిగ్నల్ రావడం వేరు, దాన్ని వాడుకోగలగడం వేరు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు రెండు లోట్లను విడివిడిగా లెక్కేస్తారు. మొదటిది సిగ్నలే అందని లోటు. రెండోది సిగ్నల్ ఉన్నా మనిషి వాడలేకపోవడం. ప్రపంచం మొత్తం మీద మొబైల్ ఇంటర్నెట్ సిగ్నల్ అసలే అందని జనం సుమారు 4, 5 శాతమే. సిగ్నల్ కింద బతుకుతూ కూడా వాడనివాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, జనాభాలో మూడో వంతుకు పైనే.

సాగర్ ఎడమ కాలువ నిండుగా పారుతున్నా చివరి ఆయకట్టు పొలం బీటలు వారి ఉంటుంది చూశారా, ఇదీ అలాంటిదే. ప్రధాన కాలువ ఎన్ని మైళ్లు తవ్వామని లెక్క చెబితే ఆ రైతుకు ఒరిగేదేమీ లేదు. ఫోన్ కొనే స్తోమత, నెలనెలా రీచార్జి, చదవగలిగే భాష, నేర్పే మనిషి, కరెంటు, ఇవన్నీ కలిస్తేనే చివరి మడికి నీళ్లు వచ్చినట్టు.

రువాండానే చూడండి. ప్రభుత్వం ఒక కొరియా కంపెనీతో కలిసి దేశమంతటా 4జీ వేయించింది. జనాభాలో 90 శాతానికి పైగా ఆ సిగ్నల్ పరిధిలోకి వచ్చారు. కానీ ఫోన్ల ధర, డేటా ధర సామాన్యుడికి అందక చాలా ఏళ్లు వాడకం తక్కువగానే ఉండిపోయింది. టవర్ల లెక్క చూసి ఒక దేశాన్ని మెచ్చుకునే ముందు వాడకం లెక్క కూడా అడగాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఒక్కో రిపోర్టులో ఒక్కో నంబర్ ఉంటుంది. ప్రాజెక్టులో ఏది రాయాలి?

దేన్ని లెక్కపెట్టారో ముందు చూడండి. ఐటీయూ మనుషులను లెక్కేస్తుంది. గత 3 నెలల్లో ఒక్కసారి ఎక్కడైనా నెట్ వాడినా ఆ మనిషి వాడకందారే. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కనెక్షన్లను లెక్కేస్తుంది. ఒకరి దగ్గర రెండు సిమ్ములుంటే రెండుగా చూపుతుంది, ఇంట్లో ఒకే ఫోన్‌ను నలుగురు వాడితే ఒకటిగానే చూపుతుంది. ట్రాయ్ లెక్కలో 2024 మార్చి నాటికి దేశంలో ఇంటర్నెట్ కనెక్షన్లు సుమారు 95 కోట్లు, అందులో గ్రామాలవి దాదాపు 40 కోట్లు. జనాభాలో ఎక్కువమంది పల్లెల్లోనే ఉన్నారని గుర్తుపెట్టుకుంటే ఈ అంకె ఎంత చిన్నదో తెలుస్తుంది.

బ్రాడ్‌బ్యాండ్ అనే మాటకూ నిర్వచనం మారుతూ వచ్చింది. మన దేశంలో 2023 జనవరి దాకా 512 కేబీపీఎస్ వేగం ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. ఆ తర్వాత కనీస వేగాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. కాబట్టి ఏ సంవత్సరం లెక్క, మనుషుల లెక్కా కనెక్షన్ల లెక్కా అన్నది పక్కనే రాయండి. ఒక దేశానికి ఒక రకం లెక్క, ఇంకో దేశానికి ఇంకో రకం లెక్క పెడితే ఆ పట్టిక ఎందుకూ పనికిరాదు.

ఇండియా లాంటి పెద్ద దేశాన్ని కెన్యాతో, నేపాల్‌తో పోల్చడం సబబేనా?

దేశాన్ని దేశంతో పోలిస్తే అంతగా ఉపయోగం లేదు. ఒక సమస్యను అలాంటి సమస్యతోనే పోల్చాలి. అడవిలో ఊళ్లకు సిగ్నల్ ఇవ్వడం గురించి అయితే నల్లమలను పెరూ కొండ ఊళ్లతో, చిన్న ఆపరేటర్ల గురించి అయితే మన కేబుల్ వాళ్లను బ్రెజిల్ వాళ్లతో పోల్చండి. హైదరాబాద్, అచ్చంపేట రెండూ ఒకే రాష్ట్ర సగటులో కలిసిపోతాయి. ఆ సగటు చూసి అచ్చంపేట గురించి ఏమీ చెప్పలేం.

## సముద్రం నుంచి ఊరి దాకా వచ్చే దారి

ఇంటర్నెట్ శాటిలైట్ నుంచి వస్తుందా, తీగల నుంచి వస్తుందా?

దాదాపు మొత్తం తీగల నుంచే. ఖండాల మధ్య తిరిగే డేటాలో చాలా పెద్ద భాగం సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుళ్లలోనే పోతుంది. మన దేశానికి అవి ముంబై, చెన్నై, కొచ్చి లాంటి తీరాల్లో ఒడ్డుకు చేరతాయి. అక్కడి నుంచి భూమిలో ఫైబర్ మీద హైదరాబాద్‌కు, జిల్లా కేంద్రానికి, మండలానికి, టవర్‌కు వస్తుంది. గాలిలో ప్రయాణించేది ప్రధానంగా టవర్ నుంచి మీ ఫోన్ దాకా ఉన్న ఆ చివరి ముక్క.

కెన్యా, టాంజానియా లాంటి తూర్పు ఆఫ్రికా దేశాలకు 2009 దాకా సముద్రపు కేబుల్ లేదు. ఖరీదైన శాటిలైట్ల మీదే ఆధారపడేవి. 2009లో సీకామ్, టీమ్స్, మరుసటి ఏడాది ఈసీ కేబుళ్లు వచ్చాకే అక్కడ ఇంటర్నెట్ మామూలు మనిషి వైపు కదలడం మొదలైంది.

సముద్రమే లేని దేశాల గతి ఏమిటి?

పక్క దేశం గుండా తెచ్చుకోవాలి, దారి కిరాయి కట్టాలి. నేపాల్ చాలాకాలం పూర్తిగా ఇండియా మీదుగానే తెచ్చుకుంది. 2018 జనవరిలో రసువాగఢీ దగ్గర చైనాతో ఫైబర్ కలుపుకున్నాక రెండో దారి దొరికింది. రువాండా, ఉగాండా, ఇథియోపియాలకూ ఇదే ఇబ్బంది. రెండో దారి ఉంటే ధర దగ్గర బేరమాడే బలం వస్తుంది, ఒకటి తెగినా దేశం చీకటి కాదు.

సముద్రంలో కేబుల్ తెగితే ఏమవుతుంది?

దారులు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగా దీవులకున్న ఒకే ఒక్క అంతర్జాతీయ కేబుల్ తెగింది. దాన్ని మళ్లీ కలపడానికి ఐదు వారాలు పట్టింది. విదేశాల్లో ఉన్న పిల్లలకు తల్లిదండ్రులు బతికున్నారో లేదో కూడా చాలా రోజులు తెలియలేదు. 2024 మార్చిలో ఐవరీ కోస్ట్ తీరం దగ్గర ఒకేసారి నాలుగు కేబుళ్లు దెబ్బతిని పశ్చిమ ఆఫ్రికా దేశాలు ఎన్నో ఇబ్బంది పడ్డాయి. కేబుళ్లు నాలుగు ఉన్నా నాలుగూ ఒకే చోట సముద్రంలో పోతే పేరుకే నాలుగు. వియత్నాంలో కూడా కేబుళ్లు తరచూ తెగి వేగం పడిపోవడం అక్కడివాళ్లకు అలవాటైన బాధ.

మిషన్ భగీరథ పైపులతో పాటే ఫైబర్ కూడా వేశారంటారు, నిజమేనా?

నిజమే. నీళ్ల పైపుల కోసం తవ్విన కందకంలోనే ఫైబర్ కోసం సన్నని గొట్టాలు కూడా వేశారు. దాన్నే టీ-ఫైబర్ ప్రాజెక్టు అంటారు. భూమి తవ్వడానికే ఫైబర్ పనిలో ఎక్కువ ఖర్చవుతుంది, గాజు తీగ ఖరీదు దాని ముందు తక్కువ. అందుకే ఒకసారి తవ్వి రెండు పనులు చేసుకోవాలన్న ఆలోచన మంచిది. చాలా దేశాల్లో ఇప్పటికీ రోడ్డు వాళ్లు ఒకసారి, నీళ్ల వాళ్లు ఒకసారి, టెలికాం వాళ్లు ఒకసారి తవ్వుతూనే ఉన్నారు.

గొట్టం వేయడంతో పని పూర్తి కాదు. తీగ లాగాలి, చివర మిషన్ పెట్టాలి, ఇంటికి కనెక్షన్ ఇచ్చే మనిషి ఉండాలి. 2024 డిసెంబర్‌లో కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా ఇళ్లకు ఇవ్వడం మొదలైంది. గొట్టాలు భూమిలోకి వెళ్లిన రోజు నుంచి ఇంట్లో దీపం వెలిగే రోజు దాకా ఎన్నేళ్లు పట్టిందన్నదే అసలు కొలత.

పంచాయతీ ఆఫీసులో ఇంటర్నెట్ డబ్బా ఉంది, కానీ లైటు వెలగదు. ఎందుకు?

గోడకు ఒక ఇనుప బీరువా, అందులో చిన్న డబ్బా, కింద బ్యాటరీలు. తాళం చెవి ఎవరి దగ్గరుందో కార్యదర్శికి తెలియదు, బ్యాటరీలు ఎప్పుడో ఉబ్బిపోయాయి. ఇలాంటివి నేను చాలాచోట్ల చూశాను. సాధారణంగా కారణాలు మూడు: మండలం నుంచి వచ్చే తీగ ఎక్కడో తెగి ఉంటుంది, కరెంటు ఆధారం పోయి ఉంటుంది, లేదా బాగుచేసే బాధ్యత ఎవరిదో తేలి ఉండదు.

ఈ డబ్బా పెట్టించిన కేంద్ర పథకానికి 2011లో అనుమతి వచ్చింది, 2015లో భారత్‌నెట్ అని పేరు మారింది. దేశంలోని సుమారు 2.5 లక్షల పంచాయతీలకు ఫైబర్ చేర్చడం దీని లక్ష్యం. తెలంగాణలో రెండో దశను రాష్ట్రం తరఫున టీ-ఫైబరే చేపట్టింది. మొదట వేసిన లైన్లు చాలావరకు ఒకే తోక లాగా ఉండేవి, మధ్యలో ఒకచోట తెగితే ఆ తర్వాతి ఊళ్లన్నీ ఆగిపోయేవి. 2023 ఆగస్టులో సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకంలో వలయంగా వేయాలని నిర్ణయించారు. అలా వేస్తే ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి డేటా వస్తుంది. నిర్వహణకు కూడా విడిగా డబ్బు పెట్టారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఆ నిర్వహణ పద్దే.

రోడ్డు పని మొదలుపెడితే చాలు నెట్ పోతుంది. వేరే దేశాల్లో కూడా ఇంతేనా?

ఇంతే. వర్ధమాన దేశాల్లో ఫైబర్ తెగడానికి జేసీబీ పెద్ద కారణం. మన దగ్గర 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చారు. తవ్వబోయేవాళ్లు ముందే అందులో చెబితే ఆ చోట తీగలున్న సంస్థలకు సమాచారం వెళ్తుంది. మండలాల్లో కాంట్రాక్టర్లకు దీని పేరు కూడా తెలియకపోవడం విచారకరం. పంచాయతీ పని ఆర్డర్‌లోనే ఈ షరతు రాయించవచ్చు.

తవ్వడానికి అనుమతి ఇంకో తలనొప్పి. నైజీరియాలో ఒక్కో రాష్ట్రం ఒక్కో రేటు అడిగేది. మీటరుకు 145 నైరా మించకూడదని అనుకున్నా చాలా రాష్ట్రాలు పాటించలేదు, ఆ భారం చివరకు డేటా ధరలోకే ఎక్కింది. మన దేశంలో తీగలు వేయడానికి చోటు అనుమతించే కొత్త 'దారి హక్కు' నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

కరెంటు పోయిన కాసేపటికి సిగ్నల్ కూడా ఎందుకు పోతుంది?

టవర్‌లో బ్యాటరీ కొన్ని గంటలే ఆగుతుంది, ఆ తర్వాత డీజిల్ జనరేటర్ నడవాలి. వాడకం తక్కువ ఉన్న ఊరి టవర్‌కు డీజిల్ పోయించడం కంపెనీకి గిట్టుబాటు కాదు. నైజీరియాలో టవర్ల ఖర్చులో డీజిల్‌దే పెద్ద పద్దు. దక్షిణాఫ్రికాలో గంటల తరబడి కరెంటు కోతలు పెట్టిన కాలంలో టవర్ బ్యాటరీలను దొంగలు ఎత్తుకుపోవడం కూడా తోడైంది. మన దగ్గర కరెంటు సరఫరా వాళ్లకన్నా ఎంతో మెరుగు కాబట్టి ఈ ఇబ్బంది గాలివానల రోజుల్లోనే ఎక్కువ.

నల్లమలలో చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) ఇంకా సిగ్నల్ ఎందుకు లేదు? ఇలాంటి చోట్ల వేరే దేశాలు ఏం చేశాయి?

మొదటి అడ్డంకి లాభం. కొన్ని పదుల ఇళ్ల కోసం టవర్ వేస్తే కంపెనీకి పెట్టుబడి తిరిగి రాదు. రెండోది, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో తీగ లాగాలన్నా టవర్ వేయాలన్నా అటవీ, వన్యప్రాణి అనుమతులు కావాలి. మూడోది కరెంటు. అంబులెన్సుకు ఫోన్ చేయాలంటే సిగ్నల్ తగిలే మిట్ట దాకా నడవాల్సిన చోట, నెట్ సౌకర్యం అనే మాట చాలా చిన్నది. అది ప్రాణానికి సంబంధించినది.

లాభం రాని చోట్ల కోసమే మన దేశంలో 2002లో సార్వత్రిక సేవా నిధి పెట్టారు, ఇప్పుడు దాన్ని డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. కంపెనీల ఆదాయం నుంచి 5 శాతం అందులోకి వెళ్తుంది. 2022 జూలైలో 24,680 మారుమూల గ్రామాలకు 26,316 కోట్లతో 4జీ ఇవ్వాలని కేంద్రం నిర్ణయించి బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. దేశంలో 2024 ఏప్రిల్ నాటికి సుమారు 95 శాతం గ్రామాల్లో 3జీ లేదా 4జీ ఉంది. మిగిలిన 5 శాతంలో ఎక్కువ భాగం ఇలాంటి అడవులు, కొండలే.

పెరూలో 2019లో 'అందరికీ ఇంటర్నెట్' అనే అర్థంతో ఒక కంపెనీ పెట్టారు. ఒక టెలికాం కంపెనీ, మెటా, రెండు అభివృద్ధి బ్యాంకులు కలిసి పెట్టిన సంస్థ అది. అది మారుమూల టవర్లు వేస్తుంది, ఏ ఆపరేటర్ అయినా కిరాయికి వాడుకోవచ్చు. ఊరికి నాలుగు టవర్లు అవసరం లేదు. మెక్సికోలో ఇంకా ముందుకు పోయారు. ఓహాకా కొండల్లో తాలెయా అనే జపోతెక్ ఆదివాసీ ఊరికి ఏ కంపెనీ రానంటే, 2013లో ఊరే చిన్న మొబైల్ నెట్‌వర్క్ పెట్టుకుంది. తర్వాత అలాంటి ఊళ్ల సంఘానికి 2016లో ప్రభుత్వం లైసెన్సు కూడా ఇచ్చింది. దక్షిణాఫ్రికాలో మాంకోసి గ్రామస్థులు జెంజెలేని పేరుతో సహకార సంఘంగా ఏర్పడి సోలార్ మీద నడిచే వైఫై వేసుకున్నారు. పెంటల్లో అటవీశాఖ, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), పంచాయతీ కలిసి కూర్చుంటే ఇలాంటిది ఇక్కడ కూడా సాధ్యమేనని నా నమ్మకం.

శాటిలైట్ ఇంటర్నెట్ స్టార్‌లింక్ వస్తే ఈ ఫైబర్ గొడవంతా ఉండదు కదా?

అడవికి, కొండకు మేలు జరుగుతుంది. పాత శాటిలైట్లు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండేవి కాబట్టి మాట వెళ్లి రావడానికి అర సెకనుకు పైగా పట్టేది. స్టార్‌లింక్ శాటిలైట్లు సుమారు 550 కిలోమీటర్లలోనే తిరుగుతాయి, ఆ ఆలస్యం ఉండదు. ఆఫ్రికాలో మొదట 2023 జనవరిలో నైజీరియాకు వచ్చింది. మన దేశంలో 2025 జూన్‌లో లైసెన్సు ఇచ్చారు.

కానీ ఒక ప్రాంతం మీద ఇంతమందికే ఇవ్వగలదన్న హద్దు ఉంది. 2024 నవంబర్‌లో నైరోబీ చుట్టుపక్కల కొత్త కనెక్షన్లు ఇవ్వలేక ఆపేశారు. డిష్ ఖర్చు, నెల కిరాయి కూలి కుటుంబానికి అందేవి కావు. బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి ఒకటి పెట్టి ఊరంతా పంచుకోవడమే దీనికి తగిన దారి. జనం చిక్కగా ఉన్న మిర్యాలగూడ, జడ్చర్ల లాంటి చోట్ల ఫైబర్‌కు ఇది సాటి రాదు.

## ధర, రీచార్జి

ఇండియాలో డేటా ప్రపంచంలోనే చౌక అంటారు. మరి మా ఇంట్లో రీచార్జి అంటే టెన్షన్ ఎందుకు?

ఒక జీబీ ధర చూస్తే చౌకే. 2016 సెప్టెంబర్‌లో జియో రాకతో ధరలు కుప్పకూలాయి. కానీ మీ జేబు కట్టేది జీబీకి కాదు, నెల ప్లాన్‌కి. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాక రోజువారీ డేటా ఉన్న 28 రోజుల ప్లాన్ చాలావరకు 300 రూపాయల దగ్గరికి వచ్చింది. 28 రోజులంటే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జిలు.

ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో ఒక గీత గీసింది: కనీస ప్లాన్ ధర సగటు నెల ఆదాయంలో 2 శాతం దాటకూడదు. దేశ సగటుతో చూస్తే ఇండియా ఆ గీతలోపే ఉంటుంది. ఇంటి లెక్క వేరు. 300 రూపాయలు 2 శాతం కావాలంటే నెలకు 15,000 రావాలి. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నెలలో 15 రోజుల పని దొరికిన మనిషికి 4,605 వస్తే, ఒక్క ఫోన్ రీచార్జే 6.5 శాతం. ఇంట్లో మూడు ఫోన్లుంటే మూడు రోజుల కూలి.

ఆఫ్రికా దేశాల్లో డేటా ఎందుకంత ఖరీదు?

కేబుల్ కిరాయి, డీజిల్, పన్నులు, పోటీ లేకపోవడం, ఇవన్నీ కలిసి. పోటీ ఎంత పని చేస్తుందో మయన్మార్ చూపించింది. 2013లో అక్కడ సిమ్ కార్డు వందల డాలర్లు పలికేది. 2014లో రెండు విదేశీ కంపెనీలు రాగానే 1,500 చాట్లకు, అంటే ఒకటిన్నర డాలరుకు దిగింది. ఇథియోపియాలో ప్రభుత్వ కంపెనీ ఒక్కటే ఉండేది, 2022 అక్టోబర్‌లో రెండోది వచ్చింది.

పోటీ ఉన్నా చాలని చోట నియంత్రణ కావాలి. దక్షిణాఫ్రికాలో 2016లో డేటా ధరలు తగ్గాలని జనం ఉద్యమం చేశారు. అక్కడి పోటీ కమిషన్ విచారణ జరిపి 2019 డిసెంబర్‌లో తేల్చిన మాట మనకూ పనికొస్తుంది. చిన్న చిన్న ప్యాక్‌లు కొనే పేదవాడు ఒక్కో ఎంబీకి ధనవంతుడికన్నా ఎక్కువ కడుతున్నాడని చెప్పింది. పెద్ద కంపెనీలను ధర తగ్గించమంది. ఆ తర్వాత అక్కడ ఒక పెద్ద కంపెనీ 1 జీబీని 149 రాండ్ల నుంచి 99కి దించింది. మన దగ్గర 20 రూపాయల టాపప్‌లు వేసుకునేవాళ్లకు ఎంబీకి ఎంత పడుతోందో ఒకసారి లెక్కేయండి.

కొన్ని యాప్‌లు ఫ్రీగా ఇస్తామంటే మన దేశం ఎందుకు వద్దంది?

ఏ యాప్ ఉచితమో కంపెనీయే తేలిస్తే మిగతా ఇంటర్నెట్ జనానికి కనిపించకుండా పోతుందని. ట్రాయ్ 2016 ఫిబ్రవరిలో అలాంటి తేడా ధరలను నిషేధించింది, దానితో ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్ ఇక్కడ ఆగిపోయింది. ఆఫ్రికాలో చాలా దేశాలు దాన్ని అనుమతించాయి.

నేను ఊళ్లో కేబుల్ ఆపరేటర్‌ని. పెద్ద కంపెనీల ముందు నేను నిలబడగలనా?

నిలబడవచ్చు, అన్నా! బ్రెజిల్ చూడండి. అక్కడ వేల మంది చిన్న ఆపరేటర్లు ఊరూరా ఫైబర్ లాగారు. దేశంలో ఇళ్లకున్న బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో సగానికి పైగా ఇప్పుడు అలాంటి చిన్నవాళ్లవే. చిన్న ఆపరేటర్‌కు లైసెన్సు సులభం చేయడం, తక్కువ నిబంధనలు పెట్టడం అక్కడి ప్రభుత్వం చేసిన మంచి పని. పెద్ద కంపెనీకి పట్టని చిన్న ఊళ్లలో వాళ్లు నిలదొక్కుకున్నారు. లైన్ పోతే ఏ స్తంభం దగ్గర పోయిందో, ఏ ఇంట్లో ఎవరుంటారో మీకు తెలుసు. ఆ తెలివిడి కాల్ సెంటర్‌కు ఉండదు.

2024లో మన దేశంలో తీగ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు సుమారు 4 కోట్లే, మిగతాదంతా దాదాపు మొబైలే. అంటే చోటు ఇంకా చాలా ఉంది. సొంత లైసెన్సు లేకపోతే లైసెన్సు ఉన్న సంస్థకు భాగస్వామిగా చేరవచ్చు. 2020 డిసెంబర్‌లో ఆమోదం పొందిన కేంద్ర ప్రజా వైఫై పథకం పీఎం-వాణి కింద కిరాణా కొట్టు, చాయ్ హోటల్ కూడా లైసెన్సు లేకుండానే వైఫై అమ్ముకోవచ్చు. స్తంభాల కిరాయి, టోకున కొనే బ్యాండ్‌విడ్త్ ధర, ఈ రెండూ ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. లాభనష్టాలు తేలేది అక్కడే.

## వాడకం దగ్గర

మా ఇంట్లో ఫోన్ నాన్న దగ్గరే ఉంటుంది. ఆడవాళ్ల వాడకం అన్నిచోట్లా ఇంతేనా?

పేద దేశాల్లో చాలాచోట్ల ఇంతే. 2024లో ప్రపంచంలో మగవాళ్లలో 70 శాతం, ఆడవాళ్లలో 65 శాతం నెట్ వాడారు. పేద దేశాల్లో ఈ తేడా ఇంకా పెద్దది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో 15–49 ఏళ్ల వారిని ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే, దేశంలో మగవాళ్లలో 57 శాతం, ఆడవాళ్లలో 33 శాతం వాడామన్నారు. హైదరాబాద్ ఉన్న తెలంగాణలో ఆడవాళ్లలో ఆ శాతం 26.5 మాత్రమే.

తర్వాతి ఏళ్లలో ఇది పెరిగింది, సందేహం లేదు. అయినా ఫోన్ ఇంట్లో ఉండటాన్ని ఆడపిల్ల వాడకంగా లెక్కేయకూడదు. ఊళ్లో సర్వే చేస్తే 'మీ ఇంట్లో ఫోన్ ఉందా' అని అడగవద్దు. 'నిన్న నువ్వు వాడావా' అని అడగండి. గద్వాల, నారాయణపేట నేత ఇళ్లలో చీర ఫోటోలు వాట్సాప్‌లో పెట్టి అమ్మే ఆడవాళ్లు ఉన్నారు. ఫోన్ తమ చేతిలో ఉన్నందుకే ఆ బేరం వాళ్లది అయింది.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు డబ్బు పంపుకోవడం ఎక్కడైనా బాగా నడిచిందా?

కెన్యాలో. 2007 మార్చిలో టెలికాం కంపెనీ సఫారికామ్ మొదలుపెట్టిన ఎం-పెసా మామూలు బటన్ ఫోన్‌లో, ఇంటర్నెట్ లేకుండానే నడిచింది. నగరంలో కూలి చేసేవాడు ఊళ్లో అమ్మకు డబ్బు పంపితే ఆమె పక్క కొట్లో నగదు తీసుకునేది. ఆ కొట్టు ఏజెంట్లే దానికి బలం. బంగ్లాదేశ్‌లో 2011లో వచ్చిన బికాష్ కూడా అలాంటిదే. ముంబైకి, పుణెకు వలసపోయే పాలమూరు కూలీల అవసరం కూడా సరిగ్గా ఇదే.

మన యూపీఐ 2016లో వచ్చింది, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు ఎంతో మేలు చేసింది. బటన్ ఫోన్ వాళ్లకు 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చారు, కానీ ఊళ్లలో దాని గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఉపాధి పని హాజరు యాప్‌లో పడకపోతే, రేషన్ మిషన్‌కు సిగ్నల్ లేకపోతే నష్టపోవాల్సిందేనా?

నష్టపోనక్కర్లేదు, కానీ అడగాలి. దేవరకొండ వైపు తండా దగ్గర పని నడిచే చోట చూడండి. పొద్దున ఒకసారి, తర్వాత ఒకసారి మేట్ (కూలీల పని చూసే మనిషి) కూలీలను నిలబెట్టి ఫోటో తీయాలి. 2023 జనవరి నుంచి ఈ యాప్ హాజరును తప్పనిసరి చేశారు. ఫోటో సిగ్నల్ లేకున్నా తీయవచ్చు, అప్‌లోడ్ మాత్రం సిగ్నల్ ఉన్నచోటే అవుతుంది. మేట్ ఫోన్ పైకెత్తి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే, కింద ఎండలో కూలీలు అతని వైపే చూస్తుంటారు. వాళ్ల రోజు కూలి ఆ ఒక్క అప్‌లోడ్ మీద ఉంది. అప్‌లోడ్ కాని రోజున పేర్లు, తేదీ కాగితం మీద రాయించి ఎంపీడీఓ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

రేషన్ విషయంలో వేలిముద్ర పడలేదనో నెట్‌వర్క్ లేదనో అర్హులకు బియ్యం ఆపవద్దని కేంద్రం 2017 అక్టోబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది.

ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేయవచ్చా?

నిబంధనల ప్రకారం ఆపవచ్చు, ఇష్టం వచ్చినట్టు కాదు. నిరవధికంగా ఆపడం చెల్లదని, ఉత్తర్వులు బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భసిన్ కేసులో చెప్పింది. 2024 నిబంధనల్లో ఒక ఉత్తర్వుకు 15 రోజుల హద్దు పెట్టారు. బంగ్లాదేశ్ 2024 జూలైలో విద్యార్థి ఉద్యమం సమయంలో దేశమంతా ఆపేసింది. మందుల షాపు నుంచి బట్టల ఎగుమతి దాకా అన్నీ నిలిచిపోయాయి.

## మన ఊరి కోసం

మా ఊరి పరిస్థితిని మేమే కొలవాలంటే ఎలా?

ఖర్చు లేని పని ఇది. ట్రాయ్ మైస్పీడ్ యాప్ ఫోన్లో వేసుకుని బడి, పంచాయతీ, రేషన్ షాపు, ఎస్సీ వాడ, తండా దగ్గర పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కొలవండి. రాత్రి 8 గంటల కొలతను మాత్రం వదలొద్దు, అందరూ ఫోన్ పట్టే వేళ అదే కాబట్టి అసలు స్థితి అప్పుడే తెలుస్తుంది. ఏ కంపెనీ సిమ్‌తో కొలిచారో రాయండి. తర్వాత ఒక 30 ఇళ్లలో మూడు ప్రశ్నలు అడగండి: ఫోన్ ఎవరిది, నెలకు రీచార్జి ఎంత, నిన్న ఇంట్లో ఎవరెవరు వాడారు. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే సిగ్నల్ లోటు ఎంత, వాడకం లోటు ఎంత అన్నది విడివిడిగా తెలుస్తుంది. గ్రామసభలో పెట్టడానికి ఇంతకన్నా బలమైన కాగితం ఉండదు.

సిగ్నల్ సరిగా లేదని ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ముందు మీ కంపెనీ కస్టమర్ కేర్‌కు. డాకెట్ నంబర్ (ఫిర్యాదు సంఖ్య) తప్పకుండా రాసుకోండి. పని కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లాలి, ఆ తర్వాత కేంద్ర టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగానికి. ట్రాయ్ నేరుగా ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు. కంపెనీలు తమ సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో చూపే మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ 2024లో నిబంధన తెచ్చింది. ఆ మ్యాపులో మీ ఊరికి రంగు వేసి ఉండి, మీ కొలతల్లో మాత్రం సిగ్నల్ లేకపోతే, మ్యాపు బొమ్మ, కొలతలు, తేదీలు, గ్రామ పంచాయతీ తీర్మానం కాపీ నాలుగూ జతచేసి పంపండి. ఒక్కరి పేరుతో పంపిన ఫిర్యాదుకన్నా తీర్మానంతో పంపినదానికే ఎక్కువగా జవాబు రావడం నేను చూశాను.